పెట్టె బండికి టైర్లు

నిన్న మధ్యాహ్నం ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ‘ప్రియమైన కస్టమర్, మీ వాహనం టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించుకునే సమయమైంది. ఇలా చేస్తే మీ టైర్లు ఎక్కువ కాలం మన్నుతాయి.’ కింద బండి నంబరు. టైర్లు కొన్న రోజు బిల్లు మీద నా ఫోన్ నంబరే ఇచ్చాం. అందుకని ఆ షాపు కంప్యూటర్ లెక్కలో ఆ బండి నాది.

బండి నాది కాదు. బండి గలాయన పోయాడు. ఆ మాటే రిప్లై కొడదామని చూస్తే, ఆ నంబరుకి రిప్లైలు వెళ్ళవట. ఫోన్‌ని మంచం మీదికి విసిరేశాను. కాసేపటికి మళ్ళీ నేనే తీసుకుని, ఆయన దగ్గర్నుంచి వచ్చిన కాల్స్ పైకీ కిందకీ తోస్తూ కూర్చున్నాను. ఒక్కొక్కటీ కొన్ని సెకన్లే. ఫోన్లో అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

పుత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని ‘పెట్టాయన’ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇక్కడా రాయను. ఎండాకాలం ఎవరైనా పోతే, రావలసినవాళ్ళు దూరాన ఉంటే, శవం పాడవకుండా చల్లగా ఉంచే గాజుమూత పెట్టె బాడుగకి తెస్తారు కదా, ఆ పని ఆయనది. మిగతావాళ్ళు పెట్టెని ఆటోలో వేసి తెచ్చి, ఇంట్లో ప్లగ్గుకి తగిలించి వెళ్ళిపోతారు. ఈయన పెట్టెనీ ఒక జనరేటర్‌నీ కలిపి రెండు చక్రాల ట్రాలీ మీద బిగించుకున్నాడు. పాత పికప్ బండి వెనక ఆ ట్రాలీని తగిలించి లాక్కొచ్చేవాడు. కరెంటు పోయినా పెట్టె ఆగదు. శవాన్ని తీసుకుపోయేదాకా ఆయన ఆ ఇంటి ముందే ఉంటాడు.

మా నాయన శవం పక్కన ఆయన్ని మొదటిసారి చూశాను.

నేను తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. నాయన మాత్రం మామిడి తోట కౌలు సంగతి చూసుకొస్తానని పుత్తూరు దగ్గర మా ఊరికి వెళ్ళి, ఆ తోటలోనే పడిపోయాడు. మే నెల. అక్క కువైట్‌లో ఉంది. తనొచ్చేదాకా ఉంచాలి. నేను కనిపించిన ప్రతివాడి మీదా అరుస్తున్నాను. షామియానా వాడి మీద, మా చిన్నాయన మీద, ఫోన్లో విమానం టికెట్ల వాడి మీద. అప్పుడు ఈ బండి వచ్చి ఆగింది. పొట్టిగా, నల్లగా, భుజాన పచ్చ తువ్వాలతో ఒకాయన దిగాడు. పలకరింపు లేదు, ఓదార్పు లేదు. నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగాడు.

“ఇంకా యెవురు రావాల?”

“మా అక్క.”

“యాడ్నించి?”

“కువైట్.”

“సరే” అని వెళ్ళి జనరేటర్ ఆన్ చేశాడు. వీధంతా దద్దరిల్లింది.

“కరెంటు ఉంది కదా! ఆ గోలెందుకు? ఆపు పెద్దాయనా!” అని అరిచాను.

ఆయన స్విచ్ మీద చెయ్యి పెట్టుకునే నావైపు చూశాడు. “అరువు సామీ. అరిస్తే నీకే మంచిది. దీన్ని మాత్రం ఆపను.”

కొట్టబోయాను. చిన్నాయన పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. చుట్టూ ఫ్యాన్లన్నీ ఆగిపోయి, ఆయన జనరేటర్ ఒక్కటే మోగుతుంటే, అదే లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు భయమేసింది. ఆయన మాత్రం నావైపు చూడలేదు. పెట్టె గాజు మీద నీటి చెమ్మ పట్టినప్పుడల్లా తువ్వాలతో తుడుస్తున్నాడు, లోపలి మొహం కనబడాలని.

చెన్నైలో విమానం దిగాక అక్క తను ఎక్కడుందో తెలిసేలా ఫోన్లో లొకేషన్ పెట్టింది. మ్యాపు మీద నీలం చుక్క కదులుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చి నా వెనక నిలబడి వంగి చూశాడు.

“ఆ సుక్కేనా మీ యక్క?”

“ఊఁ.”

“తిరుత్తణి దాటినాదా?”

“దాటింది.”

ఇంక అప్పట్నుంచి ఆయన నన్ను వదల్లేదు. “యాడుండాది సుక్క?” “నగరికొచ్చినాదా?” నగరి దాటిందనగానే లోపలికి తొంగిచూసి ఆడవాళ్ళకి చెప్పాడు. “వచ్చేస్తాంది పాప. మొగాలు కడుక్కోండమ్మా, ఆ బిడ్డను పట్టుకునేదానికి ఒంట్లో రొంత సత్తువ ఉండాల గదా.”

అక్క వచ్చింది. పెట్టె మీద పడి ఏడ్చింది. నేను తనని లేపి చూస్తే, ఆయన మాకు వీపు పెట్టి బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైరు గాట్లలో బొటనవేలు పెట్టి లోతు చూస్తున్నాడు. ఆ సమయంలో అదేం పనని నాకు మండింది. కాసేపటికి దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు.

“మొగం సూసిందా?”

“చూసింది.”

“సాలు.”

మా ఇంట్లో నీళ్ళు కూడా తాగలేదు, సీసా తనే తెచ్చుకున్నాడు. అంతా అయిపోయాక ట్రాలీ తగిలించుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయాడు. ‘వస్తా’ అనే మాట చావింట్లో అనకూడదు. ఆయన బతుకంతా చావిళ్ళే కాబట్టి, ఆ మాట ఇంకెక్కడా కూడా అనడం మానేశాడని తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకి తెలియని నంబరు నుంచి ఫోను.

“సామీ, నేను. పెట్టె. నీ ఫోన్లో టైర్లు అగుపడతాయా?”

“ఏం టైర్లు?”

“నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టనివి.”

ఎందుకు వెళ్ళానో నాకిప్పటికీ తెలియదు. బైకేసుకుని వెళ్ళాను. పుత్తూరు చివర రైస్ మిల్లు వెనక ఒక గది, ముందు రేకుల పంచ. పంచలో ఆయన పటకారు పట్టుకుని చక్రాల చుట్టూ పాకుతున్నాడు. టైర్లలో దిగిన కంపముళ్ళూ గులకరాళ్ళూ ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేస్తున్నాడు. గడప మీద కూర్చున్న ఆయన భార్య నన్ను చూసి నవ్వింది.

“దినామూ ఇదే పని నాయనా. నా తల్లో పేను ఒక్కనాడన్నా సూసినాడేమో అడుగు.”

“నీ తల పంచరయ్యేది లేదులేమ్మే” అన్నాడు ఆయన చక్రం వెనక నుంచి.

ఆమె ఆ బండి ఎక్కేది కాదు. తిరుపతికి పనుందంటే ఆమె బస్సు, ఆయన బండి. ఇద్దరూ ఒకేసారి బయల్దేరి ఒకే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు. బస్సు కిటికీలోంచి ఆమె చూస్తుంటే ఆయన పక్కనే నడుపుకుంటూ పోయేవాడట. ‘నీకంటే ముందర నేనొచ్చినా’ అని బస్టాండులో ఆమెని ఏడిపించేవాడట. “బస్సోడికి టికెట్టు దండగ” అనేవాడు. “నీ పక్కన కూచున్నోళ్ళెవురూ లేసి నడిసింది లేదు” అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నాకా నవ్వు అర్థం కావడానికి టైం పట్టింది.

ఆ రోజు టైర్ల మీద చెయ్యి వేసుకుని ఆయన అసలు సంగతి చెప్పాడు.

ఆ బండికి దారిలో పంచరైతే ఎవరూ వెయ్యరు. ట్రాలీ మీద గాజుమూత కనబడగానే పంచర్ షాపు షట్టరు సగం దిగుతుంది. ‘అన్నా, ఏమనుకోబాక, ఇంట్లో పసిబిడ్డలుండారు’ అంటాడొకడు. ‘ఇంకా బోణీ కాలేదన్నా’ అంటాడింకొకడు. పెట్టె ఖాళీదేనని చెప్పినా అంతే. అందుకే జాకీ, గాలి పంపు, పంచర్ ముక్కలు, అన్నీ ఆయనే మోసుకు తిరిగేవాడు. పుత్తూరంటే విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఊరు. దేశం నలుమూలల నుంచీ వస్తారు. “ఇరిగినోళ్ళు ఆ రోడ్డుకి, పోయినోళ్ళు నా రోడ్డుకి. ఆ రోడ్డులో కాఫీ అంగళ్ళుండాయి. నా రోడ్డులో పంచరేసేవోడు గూడా లేడు” అనేవాడు.

అంతకుముందు ఎండాకాలంలో నగరి అవతల ఒక ఊళ్ళో బడికిపోయే పిల్ల పాము కరిచి పోయింది. మగ్గాల ఇల్లు. తండ్రి లారీ మీద గుజరాత్ వైపు పోయి ఉన్నాడు. ఆయనొచ్చేదాకా పిల్లని ఉంచాలని ఈయనకి ఫోన్ చేశారు. సగం దారిలో వెనక టైరు పగిలింది. రీట్రేడ్ చేయించిన పాత టైరు, పైపొర ఊడిపోయింది. స్టెప్నీ వేస్తే కాస్త దూరం పోయి అదీ దిగింది. ఎండలో చక్రాన్ని దొర్లించుకుంటూ ఒక షాపు, ఇంకో షాపు. ఎవరూ ముట్టుకోలేదు. తనే కూర్చుని వేసుకుని వెళ్ళేసరికి ఊరి పెద్దలు ఇంక ఆగలేక పిల్లని పూడ్చేశారు. తండ్రి పొద్దుగూకే వేళకి వచ్చాడు.

“కొడతాడనుకున్యా. కొట్టలేదు. నా తావకొచ్చి అడిగినాడు, మొగం ఎట్లుండెనన్నా అని. ఆయన్ను సూస్తా ఉంటే నేను సూడలేదని యెట్ల సెప్పేది? నిద్దరపోతా ఉన్నెట్టే ఉండెప్పా అన్యా.”

ఆయన భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది.

“ఇంగ నాకు టైరు సూస్తే ఆ నాయన మొగమే సామీ. దుడ్లు ఎంతయినా కానీ. మూడేండ్లొస్తాదా, నాలుగేండ్లొస్తాదా, అదీ నాకొద్దు. నన్ను నిలబెట్టగూడదు. అంతే.”

నేను ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను. కోపమొచ్చినప్పుడు నా వేళ్ళు ఇంకా వేగంగా కదులుతాయి. ఏ టైరు చూసినా దాని కింద ఐదు చుక్కలు, నాలుగున్నర చుక్కలు. ఆయన నా భుజం మీంచి చూశాడు.

“ఈ సుక్కలేంది? ఇదీ మీ యక్క మాదిరి నడుస్తాదా?”

“కాదు మామా, కొన్నవాళ్ళు ఇచ్చిన మార్కులు.”

“ఆ కొన్నోళ్ళు ట్రాలీ లాగినోళ్ళేనా?”

చూశాను. ఒకడు సెలవులకి ఊటీ వెళ్ళొచ్చానని రాశాడు. ఇంకొకడు డెలివరీ తొందరగా వచ్చిందని ఐదు చుక్కలు ఇచ్చాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, “పద, తిరుపతికి పోదాం” అన్నాను.

రేణిగుంట రోడ్డులో అద్దాల షోరూం ఒకటి ఉంది. పొద్దున్నే వెళ్ళాం. ట్రాలీ ఎందుకు, బండి ఒక్కటే తీసుకెళ్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. బరువు వెనక తగిలించి చూపిస్తేనే సరైన టైరు చెప్తారన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అక్కడి మేనేజర్ మాత్రం గాజు తలుపులోంచే ట్రాలీని చూసి బయటికి పరిగెత్తుకొచ్చాడు.

“సార్, సార్, మధ్యాహ్నం మీద రండి. ఆ వెనకది లేకుండా రండి.”

“ఎందుకు?”

“ఫస్ట్ బేరం సార్. కస్టమర్లు వస్తారు. ప్లీజ్ అర్థం చేసుకోండి.”

“ఆయన కస్టమర్ కాదా?” అని నేను ఫోన్ తీసి వీడియో ఆన్ చేశాను. “ఇదే మాట ఇటు చూసి చెప్పు. పేరు కూడా చెప్పు. ఊరంతా చూడనీ!”

పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టి చెయ్యి. “ఒరే నాయనా, ఊరుకో. నువ్వు వీడియో తీసి ఇంటికి పోతావు. నేను రేపు గూడా ఈ రోడ్డు మీదనే తిరగాల.”

“నీకు కోపం రాదా మామా?”

“వస్తాది. వస్తే యాడ బెట్టుకోవాల? పెట్టె ఒగటే, దాంట్లో తావు లేదు.”

తర్వాత పాత టౌనులో ఒక భాయి షాపుకి వెళ్ళాం. తెల్ల గడ్డం, టోపీ, చేతులనిండా టైరు మసి. ఆయన ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. గాజుమూతలోకి చూశాడు.

“ఖాళీయే గదా?”

“ఖాళీయే భాయ్.”

“నిండుగా ఉన్నా టైరుకేం తెలుస్తాది. బరువే గదా. కూచో.” టీ తెప్పించాడు. పెట్టాయన ఆ టీ గ్లాసుని చేతిలో పట్టుకుని కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత తాగాడు. ఆయన బయట తాగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్కడ మొదలైంది గొడవ. పెద్దాయనకి నైలాన్ టైరు కావాలి, లోపల ట్యూబు ఉండాలి. నాకు లోపల ఉక్కు తీగలుండే రేడియల్ కావాలి, ట్యూబ్‌లెస్ కావాలి.

“ట్యూబు లేకుండా గాలి యెట్ల నిలుస్తాది? సంచి లేకుండా బియ్యం మోసుకుపోతావా?”

“ట్యూబు ఉంటే ముల్లు గుచ్చుకోగానే ఉన్నపళంగా దిగిపోతుంది మామా. ట్యూబ్‌లెస్ అయితే ముల్లుతోనే ఊరు చేరొచ్చు. ఇదిగో చూడు.” ఫోన్లో వీడియో పెట్టాను. ఒకతను చక్రం విప్పకుండానే టైరులో చిల్లు వెతికి, దారం లాంటిది గుచ్చి, మిగిలింది కత్తిరించి, చేతులు దులుపుకున్నాడు. పెద్దాయన ఫోన్ లాక్కుని మళ్ళీ పెట్టించుకున్నాడు. మళ్ళీ. మూడోసారి చూసి, “సక్రం ఇప్పనేలేదే” అన్నాడు.

“పిల్లోడు చెప్పింది కరెక్టే. కానీ వాడికి ఇంకోటి తెలీదు” అన్నాడు భాయి. “ట్రాలీ లాగితే బరువంతా ఎనక టైరు పక్కగోడ మీద పడతాది. గోడ మెత్తగుంటే ఊగుతాది. ఊగితే వేడెక్కుతాది. మే నెల రోడ్డు మీద వేడెక్కిన టైరు, అల్లాయే కాపాడాల. కాబట్టి ఈ పైన డిజైన్ సూసి మోజు పడొద్దు. ఈడ బరువు నంబరు సూడు, పక్కగోడ పిసికి సూడు.”

పెద్దాయన కింద కూర్చుని ఒక్కో టైరుని ఒళ్ళో పెట్టుకున్నట్టు దగ్గరికి లాక్కుని పిసికి చూశాడు. అరచేత్తో కొట్టి చెవి దగ్గర పెట్టాడు. ఏం వినబడుతుందని అడిగితే, “అబద్దమాడతా ఉండాదేమో సూస్తాండా” అన్నాడు. ఒకటి మెత్తగా ఉందని పక్కకి తోశాడు. ఇంకోటి వాసన బాగాలేదన్నాడు. నా ఓపిక అయిపోయి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఎంచుకున్నాడు. మందపు పక్కగోడల రేడియల్, ట్యూబ్‌లెస్. బండికీ ట్రాలీకీ అన్నీ కొత్తవే.

భాయి షాపులో హిందువుల బండ్ల కోసం ఒక బుట్టలో నిమ్మకాయలు కూడా ఉంటాయి, కొత్త టైర్ల కింద పెట్టి తొక్కించడానికి. “పెట్టాల్నా?” అని అడిగాడు.

“దీనికెందుకు భాయ్? ఈ బండిని సూస్తే దిష్టే దూరంగా పోతాది.”

భాయి నవ్వలేదు. బుట్టలోంచి నిమ్మకాయలు తీసి తనే ఒక్కో చక్రం కింద పెట్టాడు. “లాగు ముందుకి” అన్నాడు.

ఆ తర్వాత నాకు ఫోన్లు రావడం మొదలైంది. పలకరింపు ఉండదు. ఎక్కడి నుంచో, ఎవరింటి ముందు నుంచో, వెనక ఏడుపులు వినబడుతుండగా ఒకే మాట.

“నిలబెట్టలేదు సామీ.”

నేను ఏదన్నా అనేలోపే పెట్టేసేవాడు. పనిలో ఉన్నప్పుడు వస్తే విసుక్కునేవాణ్ణి. రాకపోతే ఎదురుచూసేవాణ్ణి. ఒకసారి మటుకు కొంచెం ఎక్కువ మాట్లాడాడు. తమిళనాడు అంచున ఒక ఊరికి ముల్లు దిగిన టైరుతోనే పోయి, పని అయ్యాక అదే వీడియోలో చూసినట్టు తనే చిల్లు పూడ్చుకున్నాడట. “సక్రం ఇప్పలేదు” అని రెండుసార్లు చెప్పాడు. ఆ సంతోషం వినలేకపోయాను. ఒక మనిషికి మిగిలిన సంతోషం అదొక్కటేనా అనిపించింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసింది.

“నాయనా, ఆయన నీకేమన్నా ఫోన్ జేసినాడా? పొద్దున్నే నగరి పక్క ఊరికని పోయినాడు. ఆ ఇంటోళ్ళు పెట్టె రాలేదని నాకు ఫోన్ మీద ఫోన్. ఆయన ఎత్తడంలే.”

బైకు తీశాను. పుత్తూరు దాటాక నగరి రోడ్డు మీద, చెరుకురసం బండి ఎదురుగా, మార్జిన్లో పికప్ ఆగి ఉంది. ఇండికేటర్ లైట్లు ఆరుతూ వెలుగుతున్నాయి. ట్రాలీ సరిగ్గా వెనకే ఉంది. టైర్లు నిండుగా ఉన్నాయి. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు, తువ్వాలు మెడకింద పెట్టుకుని. తలుపు తీసి భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి మళ్ళీ ఎలా తీశానో గుర్తులేదు.

చెరుకురసం బండి దగ్గర జనం ఉన్నారు. గ్లాసులు ఉన్నాయి. నవ్వులున్నాయి. అప్పుడే అందరూ నావైపు తిరిగారు.

“ఎప్పట్నుంచి ఉంది బండి ఇక్కడ?” అరిచాను.

“పొద్దున్నించీ ఉండాది గదన్నా” అన్నాడు రసం తీసేవాడు.

“ఎవరూ వచ్చి చూడలేదా?”

“మొదట్లో సెయ్యి ఊపినాడు లోపల్నించి. పెట్టె బండి గదన్నా... లోపల ఏముండాదో... పంచరేసుకుంటా ఉంటాడులే అనుకున్యాం.”

చెయ్యి ఊపాడు. మనిషి బతికుండి చెయ్యి ఊపాడు. నేను ఆ బండి మీదున్న గ్లాసులన్నీ కిందకి తోసేశాను. నలుగురు నన్ను పట్టుకున్నారు. ఎవరూ నన్ను కొట్టలేదు, అది ఇంకా అసహ్యంగా ఉంది. అంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చినతను గుండె అన్నాడు. “కొంచెం ముందర ఎవరైనా తలుపు తీసుంటే...” అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశాడు.

ఆయన భార్య ఆటోలో వచ్చింది. ఏడవలేదు. ఆయన మొహం తుడిచింది. అంబులెన్స్ ఎక్కబోతూ నావైపు తిరిగింది.

“నాయనా, ఆ ఇంటోళ్ళు కాసుకోనుండారు. ఆ ముసలామె కూతురు హైదరాబాద్ నుంచి రావాలంట. పెట్టె నువ్వు అందియ్యి. లేకుంటే ఈయనకి నిద్దర పట్టదు.”

పోలీసతను తాళాలు నా చేతిలో పెట్టాడు. ట్రాలీ తగిలించిన బండి అంతకుముందెప్పుడూ నడపలేదు. ఆయన సీట్లో కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది, ఎండవల్ల.

ఆ ఊళ్ళో ఇంటి ముందు మగవాళ్ళు గుమికూడి ఉన్నారు. బండి కనబడగానే ఒక పెద్దమనిషి విరుచుకుపడ్డాడు.

“యాడప్పా ఇంతసేపు? పొద్దున జెప్తే ఇప్పుడా వచ్చేది? పెట్టాయన యాడ? పంచరా?”

“పంచర్ కాదు. ఆయన పోయాడు. దారిలో, బండిలోనే.”

ట్రాలీ గొలుసు విప్పడానికి వంగిన ఒకతను చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

“ఈ బండ్లోనా?”

“సీట్లో. పెట్టెలో కాదు. పెట్టె శుభ్రంగా ఉంది. జనరేటర్‌లో డీజిల్ నిండా ఉంది. ఎక్కడ దించాలో చెప్పండి.”

ఎవరూ కదల్లేదు. లోపల్నుంచి ఆ ఇంటి ఆడమనిషి ఒకావిడ వచ్చి గడపలో నిలబడింది. “సావింటికి ఇంకొక సావును దీస్కోనొచ్చినావా నాయనా? ఒకటి పోతే రెండోది గూడా ఈ వాకిట్లోకేనా? వద్దయ్యా. తీస్కోనిపో.”

“మీ కోసమే వస్తూ పోయాడు!” అరిచాను. “ఆ తల్లి మొహం కూతురు చూడాలని! అర్థమవుతోందా మీకు?”

“తెలుసప్పా” అన్నాడు పెద్దమనిషి. కోపం పోయి, నెమ్మదిగా. “మంచోడే. మా నాయనప్పుడు గూడా ఆయనే వచ్చినాడు. కానీ మాకూ పిల్లలుండారు గదా. నువ్వే సెప్పు, నీ ఇంట్లో అయితే పెట్టుకుంటావా?”

నేను పంచ వైపు చూశాను. పోయిన ముసలామెని అక్కడ బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ ఐసుగడ్డలు, పైన రంపపు పొట్టు. నీళ్ళు పంచ మీంచి మెట్టు దిగి వీధిలోకి పారుతున్నాయి. కూతురు ఇంకా కర్నూలు దాటలేదని ఎవరో ఫోన్లో చెబుతున్నారు.

బండి తిప్పాలి. వీధి సన్నం. వెనక్కి పోనిస్తే ట్రాలీ నేను అనుకున్న వైపుకి కాకుండా రెండో వైపుకి తిరుగుతోంది. వెనక నిలబడి ఎవరైనా ‘రానీ, రానీ’ అనాలి. అద్దంలో చూశాను. అంతమంది ఉన్నారు. ఒక్కరు కూడా ఆ పెట్టె వెనక్కి రాలేదు. రెండుసార్లు గోడకి తగిలించాక దిగిపోయాను. కొక్కెం విప్పి, ట్రాలీని చేతులతో పట్టుకుని రోడ్డు దాకా నేనే తోశాను. అంత బరువు ఒక్కణ్ణే కదల్చగలనని అనుకోలేదు. టైర్లు కొత్తవి కదా. ఎక్కడా ఆగకుండా దొర్లాయి.